గేటుకు తగిలించిన చేపలు

నేను అక్క అని పిలిచిన ఆవిడ నాకు చుట్టం కాదు. సింగపూర్ వెళ్లిన కొత్తలో ఆంగ్ మో కియోలో ఆవిడ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. కొన్నాళ్లకి ఆవిడే మా కంపెనీలో టెస్టర్‌గా చేరింది. నేను ప్రోగ్రాం రాసేదాన్ని, అందులో తప్పులు వెతకడం ఆవిడ పని. పొద్దున ఒకే ట్రైన్‌లో రాఫెల్స్ ప్లేస్‌కి వెళ్లేవాళ్లం, సాయంత్రం ఒకే ట్రైన్‌లో తిరిగొచ్చేవాళ్లం.

అక్క ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లోకి పనికి వెళ్లినవాడు. అక్క అక్కడే తోటలో పుట్టి, పెళ్లయ్యాక సింగపూర్ వచ్చింది. శ్రీకాకుళం ఎప్పుడూ చూడలేదు గానీ ఆ యాస మాత్రం నోట్లో చెక్కుచెదరకుండా ఉండేది. మధ్యలో మలయ్ మాటలు దొర్లేవి. బాపట్ల దగ్గర పుట్టిన నాకు మొదట్లో సగం అర్థమయ్యేది కాదు. ఆవిడకొక కూతురు. అప్పటికి పద్నాలుగో పదిహేనో. తల్లి తెలుగులో ఏది అడిగినా ఇంగ్లీషులో జవాబు చెప్పేది. తండ్రి ఆ ఇంట్లో ఉండడు. షిప్‌యార్డ్‌లో వెల్డరని, విడిపోయారని మాత్రం నాకు తెలుసు. అంతకంటే నేను అడగలేదు.

అవి ఐటీ వాళ్లని పనే వెతుక్కుంటూ వచ్చే రోజులు. రెండువేల సంవత్సరం దాటితే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం మాలాంటి వాళ్లని దేశాలు దాటించింది. ఆ భయం తీరిపోయాక కూడా పని తగ్గలేదు. అలా వచ్చిన పనుల్లో ఒకటి అమెరికాలోని ఒక చిన్న ఆదివాసీ జాతి వాళ్లది. తల్లీతండ్రీ విడిపోయినప్పుడు, పిల్ల ఎవరి దగ్గర లేదో వాళ్లు పోషణకి ఇవ్వాల్సింది ఇప్పించడానికి అక్కడ ఒక ఆఫీసు ఉంటుంది. అంతవరకూ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్న ఆ పనిని ఆ జాతి వాళ్లు తామే చూసుకోవాలనుకున్నారు. దానికి కంప్యూటర్ వ్యవస్థ కావాలి. అమెరికాలో ఒక కంపెనీ ఒప్పుకుని, రాసే పని మాకు అప్పగించింది.

వాళ్ల ఆఫీసు నడిపే పెద్దావిడతో మేం ఫోన్లో మాట్లాడేవాళ్లం. వాళ్లకి సాయంత్రం, మాకు అప్పుడే తెల్లవారుతూ ఉండేది. ఆ పెద్దావిడ నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య చాలా ఖాళీ వదిలి మాట్లాడేది. లైను తెగిందేమోనని మేం హలో హలో అనేవాళ్లం. ఒకరోజు ఆవిడ, తమ దగ్గర చాలామంది తండ్రులకి ఉద్యోగాల్లేవని చెప్పింది. డబ్బు ఇవ్వలేని తండ్రి కట్టెలు కొట్టి తేవచ్చు, వేటాడిన మాంసం తేవచ్చు, చేపలు పట్టి ఇవ్వచ్చు, ఇంటి కప్పు బాగుచెయ్యచ్చు. తమ న్యాయస్థానం దాన్ని పోషణగానే ఒప్పుకుంటుంది, కనుక మీ ప్రోగ్రాం కూడా ఒప్పుకోవాలి అంది.

మా ప్రోగ్రాంలో తండ్రి ఇచ్చినది రాయడానికి ఒకే ఒక్క గడి ఉంది. అందులో అంకెలు తప్ప మరేమీ పట్టవు. మా టీమ్ లీడ్ ఫోన్ మ్యూట్‌లో పెట్టి, చేపని ఏ కాలమ్‌లో వెయ్యాలి అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత మ్యూట్ తీసి, చేపలకి ధర ఎలా కడతారని మర్యాదగానే అడిగాడు.

ధర మేం చూసుకుంటాం అందావిడ. తండ్రి తెచ్చాడన్న సంగతి ముందు రాయండి, పిల్ల పెద్దయ్యాక అడిగితే చెప్పడానికి మా దగ్గర ఉండాలి అంది.

ఫోన్ అయిపోయాక మేం దాని గురించి వాదించుకుంటూ కాఫీకి వెళ్లాం. అక్క రాలేదు. తిరిగొచ్చేసరికి ఆవిడ కుర్చీలో అలాగే కూర్చుని, ఆరిపోయిన మానిటర్ వైపు చూస్తోంది.

ఆ సాయంత్రం ట్రైన్‌లో చెప్పింది. విడిపోయిన ఏడాదికి షిప్‌యార్డ్ వాళ్లు ఆయన్ని పనిలోంచి తీసేశారట. నెలనెలా ఇవ్వమని కోర్టు చెప్పినది ఆగిపోయింది. దానికి బదులు వారానికోసారి చేపలు తెచ్చేవాడట. జెట్టీ మీద గాలం వేసి పట్టినవి. బెల్లు కొట్టేవాడు కాదు. ప్లాస్టిక్ సంచిలో వేసి గ్రిల్ గేటుకి తగిలించి వెళ్లిపోయేవాడు.

“సియాకప్ దొరికినప్పుడు ఒకటే పెద్దది తెచ్చీవోడు” అంది అక్క. సియాకప్ అంటే మా వైపు పండుగప్ప. “మా అన్న ఏటన్నాడంటే, అది తీసుకున్నావంటే రేపు కోర్టులో నాను ఇచ్చీసినానని అనీగలడు, ముట్టుకోకు అన్నాడు. నాను ముట్టుకోలేదమ్మా. సంచి పలంగా తీసుకెల్లి చూట్‌లో పడీసీదాన్ని.”

మా బ్లాకులో వంటింటి గోడకే చెత్త పడేసే గొట్టం ఉండేది. మూత ఎత్తి వేస్తే ఎనిమిది అంతస్తులూ దొర్లుకుంటూ పోయి కింద దబ్బున పడేది. ఆ చప్పుడు నాకు తెలుసు.

కొన్నాళ్లు తెచ్చి, తర్వాత మానేశాడట. చెత్త తీసేవాళ్లు చెప్పారో, తనే చూశాడో ఆవిడకి తెలియదు.

ఆఫీసులో ఆ విషయం అంత తేలిగ్గా తేలలేదు. గడువు దగ్గర పడుతోంది. ఆ భాగం రెండో విడతలో చేద్దామని అమెరికా కంపెనీ అంది. రెండో విడత అంటే ఎప్పుడూ రాని విడత అని మాకందరికీ తెలుసు. అక్క మాత్రం టెస్టింగ్ పూర్తయిందన్న కాగితం మీద సంతకం పెట్టనంది. కట్టెలు రాయడానికి చోటు లేదు కనుక ఇది పూర్తవలేదు, పూర్తయిందని నేను ఎలా రాస్తాను అంది. టీమ్ లీడ్ ముందు బతిమాలాడు, తర్వాత విసుక్కున్నాడు. ఉద్యోగం పోతుందని కూడా అన్నాడు. ఆవిడ గొంతు పెంచలేదు, సంతకమూ పెట్టలేదు. చివరికి ఆ భాగం నేనే రాశాను. ఏం తెచ్చాడు, ఎప్పుడు తెచ్చాడు, ఎవరు అందుకున్నారు. అక్క దాన్ని పరీక్షించిన తీరు నేనింకెక్కడా చూడలేదు. మధ్యాహ్నం తిండి కూడా మరిచిపోయి, కట్టెలు, జింక మాంసం, బాగుచేసిన పొయ్యి, ఒక్కొక్కటే ఎక్కించి చూసుకునేది.

ఆ తర్వాతి ఆదివారం నన్ను తోడు రమ్మంది. జురాంగ్ ఈస్ట్ దాకా ట్రైన్‌లో, అక్కణ్నుంచి బస్సులో వెళ్లాం. అక్క నుంచి విడిపోయిన భర్త ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా ఉంటూ, ఇంకొకతనితో కలిసి ఒంటిగది ఫ్లాట్‌లో ఉంటున్నాడు. అక్క క్యారియర్‌లో అన్నం, కోడికూర పట్టుకొచ్చింది. తలుపు తీసిన మనిషి పొడుగ్గా, వంగిపోయి ఉన్నాడు. చేతుల నిండా వెల్డింగ్ నిప్పురవ్వల మచ్చలు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ మీది పేపర్లు తీసి, చేత్తో దులిపి కూర్చోమన్నాడు.

పాప ఎలాగుందని అడిగాడు. బాగుందని అక్క చెప్పింది. నేను బయట వరండాలోకి వెళ్దామని లేవబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. అలా పట్టుకునే ఆయనతో అంది.

“మీరు మళ్లీ రండి. ఏటి తెచ్చినా తీసుకుంటాను.”

“నాను ఇప్పుడు సముద్రంకేసి ఎల్లట్లేదు” అన్నాడాయన. “ఊపిరి ఆడట్లేదు.”

ఆ మాట మధ్యలోనే దగ్గు వచ్చి గోడకి ఆనుకున్నాడు. దగ్గు తగ్గాక, వస్తాన్లే అన్నాడు.

వచ్చాడు. చేపల్లేవు. ఒకసారి బొప్పాయిలు, ఒకసారి ములక్కాడలు. వట్టి చేతుల్తో వచ్చిన రోజు ఇంట్లో ఏదో ఒకటి బాగుచేసేవాడు. హాల్లో ఫ్యాను కీచుమనడం మానింది. కుళాయి కారడం ఆగింది. అక్క ఆయనకి టీ ఇచ్చి, ఎదురుగా కూర్చునేది కాదు గానీ, వంటింట్లోంచి బయటకి వచ్చి నిలబడేది. కూతురు మాత్రం తండ్రి వస్తే గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. ఆయన ఆ తలుపు వైపు చూసి, చేస్తున్న పనిలోకి తిరిగేవాడు.

ఆ గది గడియ సరిగా పడేది కాదు. ఒక ఆదివారం ఆయన దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని స్క్రూలు బిగించాడు. అమ్మాయి లోపలే ఉంది. హాల్లో బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ నేను విన్నాను.

“ఇప్పుడు వేసి చూడమ్మా” అన్నాడు తలుపుతో.

లోపల గడియ కదిలింది. “కాంట్ లా. స్టక్” అంది.

ఇంకాస్త వదులు చేశాడు. “ఇప్పుడు?”

గడియ పడింది. తీసింది. మళ్లీ వేసింది. “ఓకే. కెన్ ఆల్‌రెడీ.” సింగపూర్ ఇంగ్లీషులో, ఇప్పుడు సరిగ్గా పడుతోందని.

తండ్రీకూతుళ్లు అన్నేళ్ల తర్వాత మాట్లాడుకున్నది అంతే. ఆయన లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ముఖంలో మాత్రం ఏదో పెద్ద పని చక్కబెట్టినంత తృప్తి. ఆ రోజు అన్నం తినమని అక్క అడిగితే కాదనకుండా తిన్నాడు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం ఆయనతో గదిలో ఉండే అతను ఫోన్ చేశాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఆసుపత్రిలో చేర్చారట. అక్క ఆఫీసు మానేసి రోజూ వెళ్లేది. కూతుర్ని రమ్మంటే పరీక్షలున్నాయంది. పరీక్షలు నిజమే. శనివారం వస్తానని ఒప్పుకుంది. ఆయన శుక్రవారం మధ్యాహ్నం పోయాడు. నేను ఆఫీసులో ఉన్నాను. అక్క ఫోన్ చేసి, ఆ సంగతి చెప్పి, పాప స్కూలు నుంచి వచ్చే వేళకి నువ్వు ఇంట్లో ఉండగలవా అని అడిగింది.

నేనే చెప్పాను. అమ్మాయి స్కూలు బ్యాగు భుజానికే ఉంచుకుని విన్నది. బూట్లు విప్పి, వరసలో పెట్టి, లోపలికి వెళ్లింది.

దహనానికి అక్క అన్న మలేసియాలోని జొహోర్ నుంచి వచ్చాడు. చేపలు ముట్టుకోవద్దన్న మనిషి ఈయనే. అన్ని పనులూ తనే దగ్గరుండి చేశాడు, బావ మంచివాడని వచ్చినవాళ్లతో అన్నాడు కూడా. అక్క ఆయనకి టీ కలిపి ఇచ్చింది. ఇంత ఆలస్యంగా ఎవర్ని తప్పుపట్టి ఏం లాభమని ఊరుకుందో, అనడానికి శక్తి లేక ఊరుకుందో నేను చెప్పలేను.

అందరూ వెళ్లిపోయాక అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నేను తుడిచి పెడుతున్నాను. కూతురు గుమ్మంలో వచ్చి నిలబడింది.

“ఐ సా యూ, అమ్మా. ఎవ్రీ టైమ్” అంది. చాలా మామూలుగా అంది. “యూ నెవర్ ఆస్క్ మీ. ఐ వాంటెడ్ ద ఫిష్.”

అక్క కుళాయి కట్టలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి. తల్లి ఏమైనా చెబుతుందేమోనని అమ్మాయి కాసేపు ఎదురుచూసింది. తర్వాత వెళ్లిపోయింది. నేనే చెయ్యి చాపి కుళాయి కట్టాను. నేను ఆ ఇంట్లో ఉండకూడదనిపించింది, అయినా ఎక్కడికీ పోలేకపోయాను.

ఆ వ్యవస్థ అమెరికాలో నడవడం మొదలైంది. వాళ్ల పెద్దావిడ మా అందరికీ ధన్యవాదాలు చెబుతూ ఫోన్ చేసింది. మీలో ఒకరు మా మాట బాగా అర్థం చేసుకున్నారని అంది. టీమ్ లీడ్ ఆ మెప్పు టీమ్ అందరిదీ అన్నాడు. అక్క ఆ రోజు సెలవులో ఉంది. నేను ఇంటికి వెళ్లి చెబితే తలూపి, బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

తర్వాతి ఏడాది డాట్‌కామ్‌లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా కంపెనీకి కొత్త పనులు రాలేదు. ముందు టెస్టర్లని తీసేశారు, తర్వాత మమ్మల్ని. నా వర్క్ పాసు గడువు ముగిసే లోపల హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని వచ్చేశాను. బయల్దేరిన రోజు అక్క లిఫ్టు దాకా వచ్చింది. కూతురు స్కూల్లో ఉంది.

మధ్యలో చాలా ఏళ్లు మాటల్లేవు. ఒకసారి ఎవరి ద్వారానో నా నంబరు సంపాదించి అక్కే ఫోన్ చేసింది. గొంతు ముసలిదైపోయింది, యాస అలాగే ఉంది. ఒక చైనీస్ డాక్టరు క్లినిక్‌లో కౌంటర్ దగ్గర కూర్చుంటోందట. కూతురు నర్సు అయిందట. ఆసుపత్రి వాళ్లిచ్చిన క్వార్టర్స్‌లో ఉంటోందట. మీ దగ్గరికి వస్తుందా అని అడిగాను.

“ఆదివారం వస్తాది. తింటాది. గిన్నెలు కడిగేసి ఎల్లిపోతాది” అంది. “ఆల్ల నాన్న ఊసు అది ఎత్తదు, నాను ఎత్తను.”

తర్వాత మా ఊళ్లో వానలు పడ్డాయా అని అడిగింది. పడ్డాయని చెప్పాను.