కర్రికి పెట్టిన డబ్బా బిళ్లలు

పదకొండేళ్లుగా సోములమ్మ అరకులోని ఆ రిసార్టులో ఊడ్చి, తుడిచి, వెనకమెట్టు మీదే కూర్చుని అన్నం తింది. యజమాని కుక్క టామీ మాత్రం లోపల, ఏసీ గదిలో తినేది. దాని గిన్నె కడిగేదీ ఆవిడే.

నోరు తెరిచి అడిగింది ఒక్కసారే. ఆవిడ సొంత కుక్క కర్రికి ఒళ్లంతా దురద. గోకిగోకి చెవుల వెనక పచ్చిపుండ్లయ్యాయి. హుకుంపేట వైపు కొండవాలులో ఆవిడకున్న చోడి చేనుకి, అంటే రాగి చేనుకి, అదే కాపలా. అది మొరగకపోతే అడవిపందులు చేను దున్నేస్తాయి. చోళ్లు పోతే ఏడాదంతా అంబలి లేనట్టే.

"బాబూ, టామీని సూడ్డానికొచ్చే డాట్రుబాబుకి మా కర్రిని కూడా సూడమని సెప్పరా?"

మేనేజరు వరహాలరావు పగలబడి నవ్వాడు. "ఊరకుక్కకి ఎలర్జీ ఏటే? రేపు బ్యూటీపార్లరు కూడా అడుగుతావేటి?" అని అలమారలోంచి ఒక డబ్బా తీసి విసిరాడు. "టామీ ఇవి తినడం మానేసింది. రోజుకి రెండు బిళ్లలెట్టు. ఒళ్లు నిగనిగలాడిపోద్ది."

డబ్బా మీద బొమ్మకుక్క నిజంగానే నిగనిగలాడుతోంది. సోములమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. రోజూ రెండు బిళ్లలు అంబలిలో కలిపి పెట్టింది. కర్రి ఆబగా నాకేది. మూడు వారాలకి పుండ్లు పొట్ట దాకా పాకాయి.

ఈలోగా కొత్త కొర్రలు అమ్మవారికి పెట్టే కొర్రకొత్త పండగ వచ్చింది. అమ్మవారికి కోసిన కోడి తల, కాళ్లు చేను కాసే కుక్కవే అని ఆ ఊరి ఆనవాయితీ. సోములమ్మ తప్పకుండా పెట్టింది. మర్నాటికి కర్రి ఒళ్లు నేలకేసి రాసుకుంటూ మూలిగింది.

సెలవులకొచ్చిన మేనకోడలు నిర్మల డబ్బా తిప్పి చదివింది. "అత్తా, దీని తేదీ పోయినేడే అయిపోనాది. రుచికని కోడి కార్జం కూడా కలిపారు."

సోములమ్మ అంబలి గిన్నె పక్కన పెట్టేసింది. "పండగయినప్పుడల్లా దీనికి దురద రేగుతాది. అమ్మోరి కోపమనుకున్నానే గుంటా... ఆ కోడేనేటి?"

"అయ్యుండొచ్చు. బేగి నడు, డాట్రుకి సూపిద్దాం."

పుండ్ల కుక్కని జీపువాళ్లు ఎక్కించుకోలేదు. గోనెపట్టాలో వేసి ఇద్దరూ కొండ దిగారు. పశువుల డాక్టరు క్యాంపుకెళ్లాడు. మర్నాడు మళ్లీ మోశారు.

"కోడి వల్ల కావచ్చమ్మా. రెండు నెలలు పూర్తిగా మానిపిస్తేగానీ తేలదు. పేలు, గజ్జి ఉన్నాయేమో కూడా చూడాలి" అన్నాడు డాక్టరు. "ఇలాంటి బిళ్లల్లో మంచివి చర్మానికి కాస్త సాయం చేస్తాయి, అదీ వారాల మీద. దురద ఎందుకొచ్చిందో చూడకుండా ఇవి పెడితే ఏం లాభం? పుండు లోపల చీము పట్టింది. నెల ముందే రావాల్సింది."

"నెల ముందే అడిగాను బాబూ" అంది సోములమ్మ.

సూది వేయించిన మూడోనాడు కర్రి చేనుగట్టు మీదే చచ్చిపోయింది. ఇప్పుడు సందెవేళ సోములమ్మే మంచె ఎక్కి ఆ ఖాళీ డబ్బాని కర్రతో వాయిస్తోంది. ఇప్పటికే సగం చేను పందుల పాలయింది.

ఇది చదువుతున్న మీరు, మీ కుక్క గోక్కుంటే డబ్బా కొనేముందు కారణమేమిటో డాక్టరుతో తేల్చుకోండి. కొండలకొచ్చినప్పుడు మీ కుక్క వదిలేసిన మందు ఎవరి చేతిలోనూ పెట్టకండి; మీ డాక్టరునే ఆ వెనకమెట్టు దాకా తీసుకెళ్లండి. కొండ ఊళ్లకి నెలకోసారైనా పశువైద్యుడు ఎక్కి రావాలని కలెక్టరుకి అర్జీ రాయండి. ఈ వారమే రాయండి. సోములమ్మకి ఇంకా సగం చేను మిగిలి ఉంది.