బాపు కడిగిన ఫిల్ములు

మా స్టూడియోలో వారానికోసారి, బొమ్మలు గీసి వాడేసిన సెల్లులాయిడ్ షీట్లను మళ్లీ గీసుకోవడానికి సోడా కలిపిన వేడినీళ్ల తొట్టిలో నానబెట్టి కడుగుతారు. ఆ పూట ఒక ఘాటైన ఆవిరి మెట్లదాకా వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు ముక్కు మూసుకుంటారు, నేను మాత్రం బిర్యానీ గుండిగ దించినట్టు తొట్టి దగ్గరికి వెళ్లి నిలబడతాను. కదిలే బొమ్మల పనిలోకి ఎట్లా వచ్చారని అడిగేవాళ్లు నా నోటి నుంచి ఎవరో మహా చిత్రకారుల పేర్లు వస్తాయని ఎదురుచూస్తారు. నేను సౌడుమన్ను పేరు చెబుతాను, వాళ్లు పెన్ను మూసేస్తారు.

సౌడుమన్ను బట్టలుతకడానికి వాడే తెల్లటి మట్టి. సురంగల్‌లో మా ఇంటి వెనక మా బాపు, అంటే నాన్న, దాన్ని నీళ్లలో మరగబెట్టి, పాత ఎక్స్‌రే ఫిల్ములు అందులో ముంచేవాడు. ఆయన పట్నంలో ఒక పెద్ద దవాఖానలో చప్రాసీ. నయమైనవాళ్లు మరిచిపోయినవీ, నయం కానివాళ్లు వదిలిపోయినవీ, పారేసే ఫిల్ములను శనివారం బస్సులో చంకన పెట్టుకుని తెచ్చేవాడు. బీరపీచుతో రుద్దుతుంటే ఎవరివో పక్కటెముకలు, ఎవరిదో మోకాలు నల్లటి జిగురై కారిపోయి, చివరికి అద్దంలాంటి రేకు మిగిలేది. దాన్ని కత్తిరించి, కాళ్లూ మెడా విడివిడిగా చేసి, కీళ్ల దగ్గర దారంతో ముడివేసి, పసుపూ నీలిమందూ మోదుగుపూల రసమూ తుమ్మజిగురులో కలిపి అద్ది, పుల్లలు కట్టి లాంతరు ముందు ఆడిస్తే ఎదురుగా కట్టిన ధోవతి మీద రంగురంగుల జంతువులు నడిచేవి. ఎద్దు నడకలో ఏ కాలు ముందు పడుతుందో చూడటానికి బాపు చేవెళ్ల సంతకు పోయే మందల వెనక మైళ్లకొద్దీ నడిచేవాడు. మందలు తోలేవాళ్లేమో కొనే ఆసామి అనుకుని బేరం మొదలుపెట్టేవాళ్లు.

ఆ బొమ్మలన్నీ మా చర్చి కోతపండుగ కోసం. జొన్నకోతలైన తర్వాత ఒక ఆదివారం, ఎవరి చేనులో పండింది వాళ్లు తెచ్చి బల్లముందు కుప్ప పోసేవాళ్లు: జొన్నకంకులు, గుమ్మడికాయలు, పుంటికూర కట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు. ప్రార్థన ఎంత గంభీరంగా సాగితే కోళ్లు అంత గట్టిగా అరిచేవి. ఆ తర్వాత వేలంపాట, బగారన్నం, పొద్దుగూకినాక బాపు బొమ్మలు. బొమ్మలకు మాత్రం దేవుడెవరని అడగకుండా ఊరంతా ఒకే చాపల మీద కూర్చునేది.

అరవైతొమ్మిదిలో తెలంగాణ కావాలని పట్నం రోడ్డెక్కింది. ఉద్యమం గురించి నాకు ముందుగా తెలిసిందల్లా బడికి తాళం పడిందని. జై తెలంగాణ అని అందరికంటే గట్టిగా అరిచింది ఎక్కాలు రానివాళ్లమే. లాఠీఛార్జి ఆట ఆడదామంటే పోలీసుగా ఉండటానికి ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు, కాబట్టి మా ఉద్యమాలన్నీ గెలిచాయి. బస్సులు మొయినాబాద్ దాకా వచ్చి తిరిగిపోయేవి, కొన్నాళ్లు అవీ లేవు. బాపు ఇంట్లోనే ఉండిపోయాడు. కోతపండుగ దగ్గరపడింది, ఫిల్ములు అయిపోయాయి, కథలో ముఖ్యమైన ఎద్దు ఇంకా పుట్టనే లేదు.

ఇంట్లో మిగిలిన ఫిల్ము ఒక్కటే, బాపుది. ఆయనకు ముందటేడు దగ్గు పట్టి, సూదులు పొడిపించుకుంటే తగ్గింది. మళ్లీ వచ్చేటప్పుడు తప్పకుండా తెమ్మని డాక్టరు చెప్పాడని, మా తల్లి, మేము అవ్వ అనేవాళ్లం, ఆ ఎక్స్‌రేను గుడ్డసంచిలో పెట్టి దూలానికి వేలాడదీసింది. బాపు సంచి దించుతుంటే, చేటలో జొన్నలు చెరుగుతున్న అవ్వ ఆగింది.

“నీది నువ్వే కడుగుతవా? రేపు డాక్టరడిగితే ఏం జెప్తవ్?”

“తగ్గింది గదనే. తగ్గిన రోగానికి ఫోటువ ఎందుకు, గోడకు పెట్టుకుంటమా?”

“గోడకు పెట్టుకునే మొఖమే అయితే ఎన్నడో పెట్టుకుందుము.”

తొందరలో రుద్దడం సరిగా కాలేదు. పండుగనాడు, పట్నం చూద్దామని బయలుదేరి బంద్ అని తిరిగొచ్చే ముసలెద్దు తెరమీదికి రాగానే, దాని పొట్టలో బాపు పక్కటెముకలు వరసగా మెరిశాయి. ఎద్దు గొంతు నాది. నవ్వు ఆపుకోలేక నేను రంకె మరిచిపోయాను.

“ఏందన్నా, ఎద్దుకు గడ్డేస్తలేవా?” అన్నారు ముందు వరసలో ఎవరో.

“బంద్ గదా, గడ్డి గూడ వస్తలేదు,” అన్నాడు బాపు తెర వెనక నుంచి. ఊరు నవ్వింది, ఆయనా నవ్వాడు, ఆ నవ్వులోనే దగ్గు వచ్చింది. చేతిలోని పుల్లలతోపాటు ఎద్దు కూడా తలా తోకా ఊపుతూ ఎగిరెగిరి పడింది. జనం అది కథేననుకుని ఇంకా నవ్వారు. బాపుకు అంత పేరు మళ్లీ రాలేదు.

ఎండాకాలంలో బస్సు దొరికిన రోజున అవ్వ ఆయన్ను దవాఖానకు లాక్కుపోయింది, నేనూ వెళ్లాను. కొత్త ఫిల్ము తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుని డాక్టరు పాతది ఏదన్నాడు.

“అది ఎద్దయింది సార్,” అన్నాడు బాపు.

డాక్టరు అవ్వ వైపు చూశాడు. అవ్వ నేల వైపు చూసింది. ఊపిరితిత్తిలో మచ్చ ఉన్నదనీ, అది మానిపోయిన పాత గాయమా, కొత్తగా పుట్టిన రోగమా అన్నది రెండు ఫిల్ములూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుందనీ, ఇప్పుడు ఇంకో నెల ఆగి మళ్లీ తీసి చూడాలనీ ఆయన చెప్పాడు. తిరుగు బస్సులో బాపు ఉత్సాహంగానే ఉన్నాడు, డాక్టరుకు బొమ్మల గురించి ఏమీ తెలియదన్నాడు.

ఆ నెల నిండేసరికి మళ్లీ బంద్. మొయినాబాద్ దాకా నడిచిపోయి, బస్సు లేదని తిరిగొచ్చాడు. “రేపు పోత తియ్యి,” అన్నాడు. మర్నాడూ పోయాడు, తిరిగొచ్చాడు. కథ తనదే కనక దారి బాగా తెలుసు. తర్వాత బస్సులు తిరిగాయి కానీ ఆయన మొయినాబాద్ దాకా నడవలేకపోయాడు. వానలు వెనకపట్టకముందే పోయాడు. మచ్చ కొత్తదేనని అప్పుడు అందరికీ తెలిసింది, ఫిల్ముల అవసరమే లేకుండా.

బాపుకు జీవితంలో తీసిన ఫోటోలు ఆ రెండే. ఒకటి ఎద్దయి, రంగు పెచ్చులూడి, ఎలుకలపాలైంది. రెండోది దవాఖానలోనే ఉండిపోయింది. ఇంకో చప్రాసీ ఎవరైనా దాన్ని కడిగి ఏ కుందేలో చేసి ఉంటే బాగుండునని కొన్నాళ్లు ఆశపడ్డాను, కానీ ఆ దవాఖానలో అట్లాంటి పిచ్చివాడు ఒక్కడే పనిచేశాడు. కోతపండుగ ఇప్పటికీ జరుగుతుంది, మైకులో. పొద్దుగూకకముందే అందరూ ఇళ్లకు పోతారు.

నేను పెద్దయి ఈ పనిలో పడ్డాక అవ్వ ఒకసారి బాపును గియ్యమన్నది. ఎద్దు నడకను కళ్లు మూసుకుని గీయగలను కదా, ముఖం ఎంతసేపు అనుకుని కూర్చున్నాను. పొద్దంతా గీసి, చెరిపి, మళ్లీ గీసి చేతిలో పెట్టాను. అవ్వ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

“మంచిగున్నడు బిడ్డా,” అన్నది. “ఎవరీయన?”

ఆ తర్వాత చాలా గీశాను. ముక్కు పెద్దదనీ, నొసలు ఇంత లేదనీ అవ్వ దిద్దుతూ వచ్చింది. ఏదీ ఆయన కాలేదు. పోయిన చలికాలంలో అవ్వ పోయింది. ఇప్పుడు నేను ఏ ముఖం గీసినా, ఈయన కాదని చెప్పేవాళ్లు లేరు.