చివరి మడికి ముందు నీళ్ళు

నాకు ఓపిక తక్కువ. డయాలసిస్ టెక్నీషియన్‌కు ఉండకూడని గుణమే, కానీ ఏం చేస్తాం, పుట్టుకతో వచ్చింది. తారానగర్ నుంచి వచ్చి కురుగోడులో ఒక ట్రస్టువాళ్ళ చిన్న సెంటర్లో చేరి నాలుగేళ్ళయింది. రెండు మిషన్లు, ఎనిమిది మంది రోగులు. ఈ నాలుగేళ్ళలో నా చేత ఒక్క తిట్టు కూడా తినని మనిషి తిప్పన్న తాత ఒక్కడే.

తాత ముప్పై ఏళ్ళు నీరుగంటి. కాలువ నీళ్ళను పొలాలకు వంతుల ప్రకారం పంచే పని. ఏ తూము ఎప్పుడు ఎత్తి నీళ్ళు వదలాలో, ఎప్పుడు దించి ఆపాలో ఆయన చెప్పినట్టే జరిగేది. ఊళ్ళకు ఊళ్ళకే నీళ్ళు పంచిన మనిషి, కిడ్నీలు చెడిపోయి ఇప్పుడు రోజుకు మూడు లోటాలు మించి తాగకూడదు. దానికీ ఆయన ఏడవడు. "ఇన్నేండ్లు ఊరికి కోత పెట్టినా, ఇప్పుడు నాకు నేనే పెట్టుకుంటాండా" అని నవ్వుతాడు.

ఆయనకు పూర్తిగా ఎదురు సరోజినీదేవి గారు. కోస్తా నుంచి వచ్చి వరి పండించుకునే కుటుంబం. అలా వచ్చినవాళ్ళు కట్టుకున్న పల్లె, వాళ్ళ క్యాంపు, ఇక్కడికి ఇరవై రెండు కిలోమీటర్లు. ఆవిడకు గంటకోసారి మజ్జిగ పడాలి. వచ్చిన ప్రతిసారీ నాలుగు కిలోల నీరు ఒంట్లో చేర్చుకుని వస్తారు, నా చేత తిట్లు తింటారు. వాళ్ళ పొలం కాలువ మొదట్లో ఉంది. నీళ్ళు తగ్గిన ప్రతి ఏడూ, చివరి మళ్ళకు అందాలని తాత సైకిలేసుకుని పోయి ముందుగా దించింది వాళ్ళ తూమే. ఆ కోపం ఆవిడకు ఇంకా ఆరలేదు. సెంటర్లో ఎదురుపడితే ముఖం తిప్పుకునేవారు.

మొన్న ఎండాకాలంలో లిక్విడ్‌కు కరువొచ్చింది. రక్తం శుభ్రం చేయడానికి మిషన్‌కు పెట్టే లిక్విడ్ క్యాన్లలో వస్తుంది. అది లేకపోతే మిషన్ ఉత్త ఇనుప పెట్టె. సరుకు పంపేవాళ్ళ దగ్గరే నిల్వ లేదట, సోమవారం దాకా లారీ రాదన్నారు. గురువారం నుంచి శనివారం లోపల ఎనిమిది మందికీ వంతుంది, నా దగ్గరున్నది ఆరుగురికి. డాక్టరు గారు అందరినీ పిలిపించి చూశారు. ఇద్దరిని అసలు ఆపకూడదన్నారు. మిగతా ఆరుగురిలో ఎవరైనా ఇద్దరు శనివారం దాకా ఆగొచ్చు, ఈలోపు వాళ్ళకు ఎక్కడైనా లిక్విడ్ వెతకాలి, అది దాటితే ప్రాణం మీదికొస్తుంది అని చెప్పి వెళ్ళారు. ఆ ఇద్దరెవరన్నది నా నెత్తిన పడింది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే, మోసేవాళ్ళెవరు? అరుపులు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా నేనే అరిచాను.

తాత మాత్రం నాతో మెల్లగా అన్నాడు. "చివరి మడి నుంచి మొదలుపెట్టు మంజమ్మా. దూరమోళ్ళకు ముందు పెట్టు. దగ్గరోళ్ళు క్యాను వచ్చిందంటే నడుచుకుంటా వస్తారు. రెండు బస్సులు మారి వచ్చినోళ్ళను వాపసు పంపితే మళ్ళా యాడ వస్తారు?"

ఆ లెక్కన ఆగాల్సింది ఊళ్ళోనే ఉండే ఇద్దరు. ఒకడు ఆటో తోలే హులిగేశ్, రెండో మనిషి తాతే. మాట మార్చుకోమన్నాను. పంచేవాడే ముందు తాగితే కంచే చేను మేసినట్టు కాదా అన్నాడు.

సరోజినీదేవి గారు మనసులో దూరాలు లెక్కేసుకున్నట్టున్నారు. మొదటిసారి ఆయన వైపు తిరిగారు.

"అంటే ఇక్కడ నేను చివరి మడినా?"

"ఈడ మీరే చివర, సరోజినమ్మా. కాలువ మారింది గదా."

శనివారం ఆవిడ వంతు, అది ఆవిడకే ఉంచాను. నాలుగు కిలోలతో వచ్చే మనిషిని ఆపే ధైర్యం నాకూ లేదు.

శనివారం పొద్దున బళ్ళారి నుంచి ఇంకొక్కరికి సరిపడా లిక్విడ్ అప్పుగా దొరికింది. ఒక వంతు, ఇద్దరు మనుషులు. తాత పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. రెండు రాత్రులు గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీశాడట. హులిగేశ్ ముఖం కూడా ఉబ్బిపోయి ఉంది. ఎవరి ఇల్లు దూరమో కొలవాల్సిందే అన్నాడు తాత. నన్నే కొలవమన్నాడు. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, అడుగు సమంగా వేయమని నా మీద పెత్తనం ఒకటి! హులిగేశ్ ఇల్లు నలభై అడుగులు ఎక్కువ దూరం తేలింది. తాత ఓడిపోయాడు. ఇక బళ్ళారి పోయి ఏదో ఆసుపత్రి వరుసలో పడిగాపులు కాయడమే ఆయనకు మిగిలింది. ఆ నలభై అడుగులు ఎందుకు సరిగ్గా వేశానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడే సరోజినీదేవి గారు ఫోన్ చేశారు. ఇవాళ రావడం లేదన్నారు. ఊపిరాడక పడిపోతారని నేను మొదలుపెట్టేసరికి ఆవిడ అడ్డుకున్నారు. పొద్దున్నే డాక్టరుకు చూపించుకున్నారట. ఒకటిన్నర కిలోనే పెరిగారు, సోమవారం దాకా ఆగొచ్చన్నారట. నమ్మలేక డాక్టరు గారికి ఫోన్ చేశాను. నిజమే. ఈ ఎండల్లో, మజ్జిగ ముట్టకుండా, మూడు రోజులు!

ఆవిడకు మళ్ళీ చేస్తే, ఫోను నీరుగంటికివ్వమన్నారు. స్పీకర్ పెట్టాను.

"తిప్పన్నా, మా తూము నేనే దించేశాను. ఈసారి నువ్వు సైకిలేసుకుని రానక్కర్లేదు."

తాత కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది, అందుకని ఇంకా మిషన్ పక్కన పడుకోలేదని హులిగేశ్‌ను తిట్టాను. ఆవిడ వదిలిన వంతులో తాతకు సూది పెట్టి మిషన్ తిప్పాను.

పది నిమిషాలు గడిచాక తాత ఫోన్ కలపమన్నాడు.

"సరోజినమ్మా, దినానికి ఎన్ని లోటాలు తాగినారు?"

"మూడు."

"రేపు రెండే తాగండి. సోమవారం దాకా లాగాల గదా."

నా మీద కూడా నీ పెత్తనమేనా అని ఆవిడ గట్టిగానే కసిరారు. కసిరారే గానీ ఫోను పెట్టలేదు. ఆ రెండూ ఎప్పుడెప్పుడు తాగాలో అడిగారు.