ఒక్క బ్యాటరీ

సౌర విద్యుత్ కేంద్రం ఆపరేటర్‌ను అందరూ తాళాలాయన అనేవారు. గేటు తాళం మూడుసార్లు లాగి చూడనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. కంప్యూటర్ పాస్‌వర్డ్ మాత్రం పన్నెండేళ్లుగా కంపెనీ ఇచ్చిందే.

"అది మార్చు బావా," అని ఆసుపత్రిలో నర్సుగా చేసే మరదలు పోరేది.

"ఎండను ఎవడెత్తుకుపోతాడే, పిచ్చిదానా!" అని నవ్వేవాడు.

ఆ రాత్రి మెయిన్ లైను మరమ్మతులో ఉంది. ఆసుపత్రి ఈ కేంద్రం బ్యాటరీల మీదే నడుస్తోంది. ఉన్నట్టుండి తెరమీద బాణం గుర్తు దానంతటదే కదిలి, ఒక్కో బ్యాటరీని ఆపుకుంటూ పోయింది. ఎవరో ఎక్కడినుంచో ఆ పాత పాస్‌వర్డ్‌తో కంప్యూటర్ లోపలికొచ్చేశారు. ఆయన ఇంటర్నెట్ తీగ పీకేసరికి ఒక్కటే మిగిలింది. ఆగినవి మళ్లీ లేవడం లేదు.

మరదలికి ఫోన్ చేశాడు. "ఉన్న కరెంటు రెండు వెంటిలేటర్లకే సరిపోతుందమ్మా."



"ఇక్కడ ముగ్గురున్నారు బావా."