కొసరు అడగని వారం

మా నాన్నది తెనాలిలో బట్టల కొట్టు. పక్కన బాబాయి గాజుల కొట్టు, ఎదురుగా మేనమామ ఇత్తడి సామాన్ల కొట్టు. బడి వదిలాక ఆ మూడు గల్లాపెట్టెల మధ్యే పెరిగాను. చెప్పిన ధర ఇచ్చేసి మాట్లాడకుండా వెళ్లిపోయే మనుషులుంటారని నాకు చాలా ఆలస్యంగా, అమెరికా వచ్చాకే తెలిసింది. తెలిసినా నమ్మబుద్ధి కాలేదు.

ఆష్‌బర్న్‌లో మా ఇంటికి దగ్గరగా శనివారాలు రైతులు బల్లలు వేసుకుని కూరగాయలు అమ్మేవారు. అక్కడ టొమాటోల పెద్దాయనతో బేరం కుదిరి, తూకం పూర్తయినా నేను కదిలేదాన్ని కాదు. కొసరు కోసం సంచీ తెరిచి పట్టుకుని నిలబడేదాన్ని. మొదట్లో ఆయనకు అర్థం కాలేదు. సంచీ చిరిగిందేమోనని ఇంకో సంచీ ఇచ్చాడు. ఏడాది తిరిగేసరికి దారిలోకి వచ్చాడు. నేను దూరంగా కనబడగానే ఒక టొమాటో తీసి విడిగా పెట్టేవాడు. నా జీవితంలోని పెద్ద విజయాల్లో ఇదొకటి. మా అమ్మాయి దృష్టిలో మాత్రం ఇది నేరం. మిడిల్ స్కూల్లో చేరాక అది కారు దిగడం మానేసింది. అద్దాలు ఎక్కించుకుని, సీట్లో కిందికి జారి కూర్చునేది.

2012 వేసవిలో మా ఆయనకు ఎడిన్‌బరాలో ఆఫీసు పని పడింది. పని కాగానే ఒక వారం సెలవు పెట్టుకుంటాననడంతో మేమిద్దరం వెంట బయల్దేరాం. పాత ఇళ్లన్నా, మ్యూజియాలన్నా అమ్మాయికి ప్రాణం. ఎక్కడేం చూడాలో అన్నీ అదే నిర్ణయించింది. ప్రయాణానికి ముందు రోజు నేను వంటింట్లో కారప్పొడి సీసాకు ప్లాస్టిక్ సంచులు చుడుతుంటే వచ్చి షరతు పెట్టింది.

"అమ్మా, అక్కడ నో బార్గెయినింగ్. టికెట్ దగ్గర, షాప్‌లో, ఎక్కడా వద్దు. ఆ ఎక్స్‌ట్రా అడగడం కూడా."

"కొసరా?"

"అదే. ఒక్కసారి అడిగినా, మిగతా మ్యూజియమ్స్ అన్నీ నేను నాన్నతో చూస్తా. నువ్వు సెపరేట్‌గా చూసుకో."

"రెండుసార్లకి ఒప్పుకోవే."

"అమ్మా, ఇదే బార్గెయినింగ్."

నేను నవ్వాను, అది నవ్వలేదు. పదమూడేళ్ల పిల్ల. మాల్‌లో అప్పటికే నాకంటే బాగా ముందు నడుస్తోంది, ఎవరో తెలియనట్టు. ఈ వారం కూడా చేజారితే ఆ దూరం ఇంకెంత పెరుగుతుందోనని గుబులేసింది. సరేనని చేతిలో చెయ్యేశాను.

మొదట ఎడిన్‌బరా కోట. టికెట్ కిటికీ దగ్గర, ఇంత మబ్బు పట్టిన రోజున కూడా ఇదే ధరా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మంచినీళ్లు తాగి దాన్ని మింగేశాను. లోపల ఆదివారాలు తప్ప రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఫిరంగి పేలుస్తారు. పన్నెండింటికి ఎందుకు పేల్చరని ఎవరో అడిగితే, అక్కడి గైడు చాలా గంభీరంగా, "పన్నెండింటికైతే పన్నెండు గుండ్లు ఖర్చవుతాయి, మేం స్కాట్లండ్ వాళ్లం కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నాకైతే మా మేనమామను చూసినంత ఆప్యాయత కలిగింది.

రెండు రోజుల తర్వాత రైలెక్కి గ్లాస్గో వెళ్లాం. అక్కడ ఎర్రరాతితో కట్టిన పెద్ద మ్యూజియం, గుమ్మం బార్లా తెరిచి ఉంది. టికెట్ కిటికీ కోసం అటూ ఇటూ వెతికాను. లేదు. ఊరికేనట. నా కాళ్లు ముందుకు పడలేదు.

"ఊరికే రానిస్తున్నారంటే లోపల ఏదో అంటగడతారండీ" అన్నాను మా ఆయనతో.

"లోపల ఏనుగుందట. అంటగడితే పట్టుకెళ్దాం, పద" అన్నారాయన.

నిజంగానే ఉంది, చచ్చిన ఏనుగు తోలులో పొట్టు కూరి నిలబెట్టారు. అదే హాల్లో పైనుంచి యుద్ధవిమానం వేలాడుతోంది. మేడమీద ఎవరో పెద్ద ఆర్గన్ వాయిస్తుంటే భవనమంతా గుడిలా మోగింది. ఎవరూ ఏమీ అంటగట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఒక గాజుపెట్టె కనిపించింది, తోచినంత వెయ్యమంటూ. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ధర నేనే చెప్పి, నేనే తగ్గించి, మళ్లీ నేనే సిగ్గుపడి పెంచి, చివరికి అనుకున్నదానికంటే ఎక్కువే వేశాను. అవతలి మనిషి లేని బేరంలో ఓడిపోవడం నాకదే మొదటిసారి. అమ్మాయి పక్కనుంచి చూస్తూనే ఉంది.

"డోంట్ వర్రీ, ఇది కౌంట్ చెయ్యనులే" అంది.

తిరుగు రైల్లో ఖాళీ సీట్లు చాలా ఉన్నా నా పక్కనే కూర్చుంది.

చివరి రోజు మళ్లీ ఎడిన్‌బరాలోనే, పాత వీధిలో వందల ఏళ్ల నాటి ఒక వర్తకుడి ఇల్లు చూడ్డానికి వెళ్లాం. కింద కొట్టు, పైన కాపురం, అచ్చం మా తెనాలి ఇల్లే. కొట్టులో అప్పటిలాగే బట్టల తానులు పేర్చారు. పొడుగు గౌను వేసుకుని, తలకు తెల్లగుడ్డ కట్టుకున్న ఒక పెద్దావిడ కొట్టు యజమానురాలిగా నిలబడి, ఆ రోజుల్లో వ్యాపారం ఎలా సాగేదో నటించి చూపిస్తోంది. కొనేవాళ్లుగా ఎవరొస్తారని అడిగింది. నా చెయ్యి సగం లేచింది. మా ఆయన దాన్ని నెమ్మదిగా కిందికి దించారు. ఈలోపు మా అమ్మాయి ముందుకెళ్లింది.

పెద్దావిడ ఒక నీలం తాను పరిచి, ఆ కాలపు నాణేల్లో ధర చెప్పింది.

"ఓకే" అంది మా పిల్ల.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంత తొందరగా ఒప్పుకుంటే మీ అమ్మ నిన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

జనం నవ్వారు. దాని చెవులు ఎర్రబడ్డాయి. తిరిగి నా వైపు చూసింది. చెప్పాల్సిన ధర నా నోట్లో సిద్ధంగా ఉంది. ఒక్క మాట జారితే ఇన్నాళ్లు కాపాడుకొచ్చింది పోతుంది. మా ఆయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఊపిరి తీసుకో" అన్నారాయన నా చెవిలో.

అప్పుడు మా అమ్మాయి ఆ బట్టను రెండు వేళ్ల మధ్య నలిపింది. అంచు వెనక్కి తిప్పి చూసింది. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, పెదవి విరిచి, కింద పెట్టేసింది.

"పక్క కొట్లో దీనికంటే మంచిది చూశాను" అంది ఇంగ్లీషులో.

"పక్కన కొట్టే లేదమ్మాయ్."

"ఉంది. వాళ్లు మర్యాదగా కూడా మాట్లాడతారు."

అలా అని గుమ్మం వైపు నడిచింది. తొందర లేకుండా, వీపుతో వింటూ నడిచే నడక. అది నా నడక. అంతకుముందు మా అమ్మ నడక. పెద్దావిడ వెనక్కి పిలిచింది, ధర తగ్గించింది, ఇంకాస్త తగ్గించింది. బేరం కుదిరింది. జనం చప్పట్లు కొట్టారు. కానీ పిల్ల కదల్లేదు. దోసిలి పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఇంకేమిటి?" అంది ఆవిడ.

"కొసరు. మా అమ్మ భాషలో మాట. బేరం అయ్యాక ఊరికే ఇచ్చేది."

పెద్దావిడ నవ్వి, పక్కనున్న రీలు నుంచి జానెడు రిబ్బను కత్తిరించి ఆ దోసిట్లో వేసింది.

వీధిలోకి వచ్చాక అడిగాను.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇదంతా?"

"కార్ విండోలోంచి అన్నీ కనిపిస్తాయ్ అమ్మా."

"అయితే షరతు తప్పింది నువ్వేగా."

"షరతు నీకు పెట్టా. నాకు కాదు."

మా నాన్న వింటే ఆ పిల్లను ఆ పూటే గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టేవాడు.

ఆష్‌బర్న్ తిరిగొచ్చిన శనివారం, కూరగాయల బల్లల దగ్గర కారు ఆపాను. వెనక తలుపు తెరిచిన చప్పుడైంది. తల తిప్పి చూడకుండా ముందుకు నడిచాను. చూస్తే మళ్లీ ఎక్కి కూర్చుంటుందేమోనని భయం. నేను టొమాటోలు బేరమాడుతున్నంతసేపూ అది పక్క బల్ల దగ్గర పీచ్ పళ్లు చూస్తున్నట్టు నటించింది, మాటలు వినబడేంత దూరంలో. తూకం అయింది. పెద్దాయన విడిగా పెట్టిన టొమాటో అందుకున్నాడు. నా చేతుల్లో అప్పటికే వంకాయలు, మొక్కజొన్న పొత్తులు నిండుగా ఉన్నాయి.

పక్కనుంచి రెండు చేతులు వచ్చి, నా సంచీ మూతి తెరిచి పట్టుకున్నాయి.