వంటింటి కింద నీళ్లు

ఊరంతా ముక్కు మూసుకుని వదిలించుకున్న నీళ్లతోనే ఆయన బతుకంతా గడిచింది. చెరువు పక్కన మున్సిపాలిటీ వాళ్ల చిన్న మురుగు శుద్ధి కేంద్రం ఉంది. మురుగు గొట్టంలో వచ్చి ఇనుప జాలీ మీద పడుతుంది, తొట్లలో గాలి పోసుకుని, తేరుకుని, శుభ్రంగా చెరువులో కలుస్తుంది. అక్కడ ఆపరేటరు ఆయన. వీధిలో పిల్లలు "కంపు మావయ్య" అంటారు. అననీ, నవ్వేస్తాడు. పొద్దున్నే జాలీ దగ్గర నిలబడి హోరు వింటే చాలు, ఊరు నిద్ర లేచిందో లేదో చెప్పేస్తాడు.

అలాంటి చెవులున్న మనిషి సొంత అక్క మాట మాత్రం చెవిన పెట్టలేదు. మొగుడు పోయాక ఆవిడ కొడుకూ కోడలితో చెరువుకి దిగే వీధిలో ఉంటోంది. కొన్నాళ్లుగా ఒకటే పాట. "వంటింటి కింద ఎవరో గొణుగుతున్నార్రా. నేను పొయ్యి దగ్గరికెళ్తే గొంతు తగ్గిస్తారు."

"చెవుల్లో హోరక్కా, వయసొచ్చిందిగా" అని కొట్టిపారేశాడు. కొడుకైతే ఇంకో అడుగు ముందుకేసి, పిచ్చాసుపత్రిలో చేర్పించడానికి అన్నీ మాట్లాడేశాడు. ఒకసారి తీసుకెళ్తే మళ్లీ ఇంటికి తెస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. పాపం, ఆవిడకీ తెలుసు.

ఇంతలో జాలీ మీద పడే నీళ్లు పలచబడుతూ వచ్చాయి. ఎండాకాలం కదా, కుళాయిలు సరిగ్గా రావడం లేదేమోనని ఆయన సరిపెట్టుకున్నాడు. మనిషి బుద్ధే అంత, భయపడాల్సిన చోట సాకు వెతుక్కుంటుంది. అక్కని తీసుకెళ్లాల్సిన రోజు పొద్దున, అందరూ స్నానాలు చేసే వేళ, జాలీ మీద చుక్క పడలేదు. బయట కుళాయి తిప్పి చూశాడు. నీళ్లు బుస్సున వచ్చాయి. అంటే ఊరు స్నానం చేస్తూనే ఉంది, ఆ నీళ్లు మాత్రం ఇక్కడికి చేరడం లేదు. మరి ఎటు పోతున్నట్టు? చెరువు మీద ఒక్క పిట్ట కూడా లేదు.

గొట్టం వెంట వీధిలోకి నడిచాడు. ఆ పాత గొట్టం ఇళ్ల కిందుగానే పోతుంది. అక్క ఇంటికి ఇవతల మ్యాన్‌హోల్ మూత ఎత్తితే పొడిగా, చీకటిగా ఉంది. అవతలిది ఎత్తితే నీళ్లు పరుగెడుతున్నాయి. రెంటికీ నడుమ ఉన్నది అక్క వంటిల్లే. పాత గొట్టం అక్కడే పగిలిందన్నమాట. గొణుగుడేమిటో అప్పుడర్థమైంది.

అక్క వంటింట్లో గచ్చు మీద చెయ్యి ఆనించి కూర్చుంది. కోడలు పొయ్యి మీద పాలు కాస్తోంది. ఆయన వంగి గచ్చుకి చెవి ఆనించాడు. వినిపించింది. రోజూ జాలీ దగ్గర వినే హోరే, తన నీళ్లే, చీకట్లో తమలో తాము మాట్లాడుకుంటూ పోతున్నాయి. గచ్చు కింద ఇక మట్టి లేదు.

"లేవండి! అందరూ బయటికి!"

సంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మేనల్లుడు నోరు వెళ్లబెట్టాడు. "బండొచ్చింది మావయ్యా. తీరా ఇప్పుడు నువ్వు కూడా మొదలెట్టావా?"

కోడలు పొయ్యి ఆపి పరుగెత్తింది. అక్క మాత్రం కదల్లేదు. "ముందు చెప్పరా. వినిపించిందా లేదా?"

"వినిపించిందక్కా! నీ కాళ్లు పట్టుకుంటా, లే!"

"నాకు కాదు, వాడికి చెప్పు."

చెప్పాడు, అరిచి మరీ చెప్పాడు. అప్పుడు గానీ లేవలేదు మహాతల్లి.

వీధిలోకి వచ్చి ఊపిరి తీసుకునేలోపే వంటిల్లు కుంగింది. పెద్ద చప్పుడేం లేదు, నిద్రలో ఎవరో నిట్టూర్చినట్టు. పొయ్యీ, అలమారా, సగం గోడా కిందికి దిగిపోయాయి. గుంతలో నల్లటి నీళ్లు తొందరేం లేకుండా చెరువుకేసి పోతున్నాయి. ఎన్నేళ్లు కాపాడుకున్న చెరువు! ఆయన తల పట్టుకున్నాడు.

కొడుకు తల్లి చెయ్యి పట్టుకోబోయాడు. "అమ్మా..."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, కోడలి భుజం మీద వేసింది. "నన్ను నిన్ననే పంపేసుంటే, ఈ పిల్ల ఇంకా పొయ్యి దగ్గరే ఉండేదిరా."

వాడు వెళ్లి బండిని వెనక్కి పంపేశాడు.