బల్ల కప్పులు

దెందులూరులో హన్నమ్మ గురించి అడిగితే ముందు ఆమె చేతుల గురించే చెబుతారు. చిన్నప్పుడు నాట్లు వేసిన చేతులు, పెళ్ళయ్యాక బడిలో పిల్లలకు వండి పెట్టిన చేతులు. కానీ ఆమె గర్వమంతా ఒక్క పని మీదే. నెల మొదటి ఆదివారం మందిరంలో ప్రభువు బల్లకు, అంటే అందరూ తలా ఒక గుక్క ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకు, వాడే చిన్న గాజు కప్పులు కడిగేది ఆమే. ఒక్కో కప్పులో వేలు పెట్టి రుద్ది, తెల్లగుడ్డతో తుడిచి ట్రేలో సర్దేది. పాస్టరమ్మ సలోమిగారు సాయం వస్తానన్నా "మీకెందుకండీ శ్రమ" అని తియ్యగా పంపించేసేది. మొండిది లెండి, మహా మొండిది!

ఈ మధ్య వేళ్ళ కణుపులు వాచిపోయాయి. పిడికిలి ముడుచుకోదు. చెబితే ఆ పని ఎక్కడ లాగేసుకుంటారోనని కన్నకొడుకుకు కూడా చెప్పలేదు. మరేం చేసింది? శనివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కోడలు క్యాథరిన్ ముచ్చటపడి కొనుక్కున్న గిన్నెలు కడిగే మిషన్లో కప్పులన్నీ పెట్టి బటన్ నొక్కేసింది. లోపల ఏదో టక్కుమంది. మిషన్లన్నాక మోగవా అనుకుంది. కప్పులు తళతళలాడుతూ పొడిగా బయటికొచ్చాయి. తుడిచే బాధే లేదు! లెక్కయినా పెట్టకుండా ట్రేలో సర్దేసింది. సాయంత్రం సంఘపెద్ద దేవదానంగారు వచ్చి ట్రే పట్టుకెళ్ళారు.

ఆదివారం పొద్దున చూస్తే మిషన్ అడుగున నీళ్ళు నిలిచిపోయి వంటగదంతా తడి. క్యాథరిన్, మనవరాలు జ్యోత్స్న అప్పటికే మందిరానికి వెళ్ళిపోయారు. జ్యోత్స్న కిందటి నెలలోనే బాప్తిస్మం తీసుకుంది. పిల్ల మొట్టమొదటిసారి బల్ల తీసుకునేది ఇవాళే. కొడుకు జేమ్స్ ప్లగ్గు పీకి, మగ్గుతో నీళ్ళు తోడి, అడుగున నీళ్ళు పోయే చోట జల్లెడలా ఉన్న ఫిల్టర్ పట్టుకుని తిప్పాడు. ససేమిరా కదల్లేదు.

"చేప ముళ్ళు ఇరుక్కున్నట్టున్నాయమ్మా. కంచాలు దులపకుండా పెట్టొద్దంటే వింటారా మీరు?"

"కాస్త కొబ్బరినూనె వెయ్యరా," అంది హన్నమ్మ, సెల్లు లైటు పట్టుకుని.

నూనె వేశాడు. వేడినీళ్ళు పోశాడు. చివరికి ఫిల్టర్‌కు గుడ్డ చుట్టి, రెండు చేతులా బిగించి ఎడమకు తిప్పేసరికి కటుక్కున ఊడి వచ్చింది. దాని లోపల ఇరుక్కున్నదాన్ని తీయబోతే వేలు తెగింది.

"అబ్బా! ఇదేంటమ్మా, గాజు!"

అతని అరచేతిలో మందపాటి గుండ్రటి అడుగు, చుట్టూ సన్నసన్నని పెంకులు. హన్నమ్మ సెల్లు లైటు దగ్గరికి తెచ్చింది. ఆ అడుగును ఆమె పోల్చుకోకపోతే ఇంకెవరు పోల్చుకుంటారు?

"ఓరి దేవుడా! బండి తియ్యరా జేమ్సూ! మందిరంలో ఫోన్లెవరూ ఎత్తరు! బల్ల కప్పులన్నీ ఆ నీళ్ళతోనే కడిగాను!"

వాళ్ళు వెళ్ళేసరికి అందరూ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు. పాస్టరుగారు చెప్పాక అంతా ఒక్కసారే తాగడం అక్కడి ఆచారం. ఆయన నోరు తెరవబోతున్నారు. మందిరంలో గొంతెత్తి ఎరగని హన్నమ్మ చెప్పులతోనే లోపలికి పరిగెత్తింది.

"తాగకండి! జ్యోత్స్నా, తాగకే తల్లీ! అందులో గాజుంది!"

తొందరపడి ఎత్తిన జ్యోత్స్న కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది. దేవదానంగారు కప్పులు తీసుకుని, బల్ల మీది తెల్లగుడ్డ గుండా ఒక్కొక్కటే వంపారు. జ్యోత్స్న కప్పు వంపాక గుడ్డ మీద చేప పొలుసంత పెంకు మెరిసింది. "ప్రభువా!" అన్నారు వెనకనుంచి ఎవరో.

"మిషన్లో వేశానండీ," హన్నమ్మ భోరుమంది. "చేతులు పని చెయ్యట్లేదండీ. చెబితే నన్ను తీసేస్తారని..."

సలోమిగారు ఆ వేళ్ళు పట్టుకుని చూశారు. "ఇంతలా వాచిపోయాయా! నోరెందుకిచ్చాడండీ దేవుడు? ఒక్క మాట చెప్పకూడదటండీ?" అని కేకలేశారు. కేకలేస్తూనే కళ్ళు తుడుచుకున్నారు.

ఆడవాళ్ళు కప్పులు కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ కడిగారు. హన్నమ్మను మరెవరూ ఒక్క మాట అనలేదు. ఆమె వెనక వరసలో కూర్చుంది. కొత్తగా ద్రాక్షారసం పోసి అందరికీ ఇచ్చారు.

జ్యోత్స్న కప్పు అందుకుంది. తాగేముందు కిటికీ వెలుతురుకెత్తి, తిప్పి తిప్పి చూసింది. పక్కనున్నవాళ్ళూ ఎత్తి చూశారు. తర్వాత మందిరమంతా. హన్నమ్మ కడిగిన ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా కప్పును అలా చూసి ఎరగరు.